పరభాష: పరీక్షకా, పఠనమునకా?

మన గృహములలో పరభాషాభ్యాసమును గూర్చిన ప్రసంగము వచ్చినపుడెల్ల పెద్దలు వేయు ప్రశ్న యొక్కటే: "దానివలన వచ్చునదేమి?" ఈ ప్రశ్నకు సమాధానములు సిద్ధముగ నున్నవి. రెండవ భాషగా ఫ్రెంచి తీసికొన్నచో మార్కులు వచ్చును. జర్మను నేర్చినచో ఆ దేశమున చదువునకో కొలువునకో దారి యేర్పడును. జపాను భాష వచ్చినచో కంపెనీలలో జీతము హెచ్చును. ఇన్ని సమాధానములలో, ఆ భాషలందు గొప్ప గ్రంథములు కలవు, వానిని చదువుకొని యానందింపవచ్చును అను సమాధానము మాత్రము మా చెవిని పడలేదు. భాష నేర్చి గ్రంథము చదువకుండుట బావి త్రవ్వించి నీరు త్రాగకుండుట వంటిది. మనవారు త్రవ్వించుటతో నూరకుండక, ఎంత లోతు త్రవ్వితిమో సర్టిఫికెట్టు పుచ్చుకొని, దానికి చట్రము బిగించి గోడకు వ్రేలాడదీయుచున్నారు. దాహము మాత్రము తీరలేదు. దాహమున్నదన్న సంగతియే మఱచిరి.

మేమెఱిగిన యొక యింట ఒక బాలిక పదవ తరగతి పరీక్షలో ఫ్రెంచి భాషయందు నూటికి నూఱునకు దగ్గఱగా మార్కులు తెచ్చుకొన్నది. బంధువులు మిఠాయిలు పంచుకొనుచుండగా, చూపు మందగించిన అమ్మమ్మ ఆ పిల్లను చెంతకు పిలిచి, "ఏదమ్మా, ఆ భాషలో నాకొక కథ చదివి వినిపింపుము. అర్థము తరువాత చెప్పుదువుగాని, ముందు చెవికెట్లుండునో వినెదను" అని యడిగెను. బాలిక నవ్వి, "కథలు సిలబసులో లేవు, అమ్మమ్మా!" అనెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ నవ్వు తలపునకు వచ్చినపుడెల్ల మాకు సిగ్గగుచున్నది. ఆ సభలో భాష యననేమో యెఱిగినది ఆ ముసలమ్మ యొక్కతెయే.

ఆ బాలికయే రెండేండ్ల తరువాత పండ్రెండవ తరగతి ఆంగ్లవాచకమున మొదటి పాఠముగ నొక కథ చదివినది. అది ఫ్రెంచి రచయిత ఆల్ఫోన్సు దోదే వ్రాసిన "కడపటి పాఠము." కేంద్ర పాఠ్యప్రణాళిక ననుసరించు పాఠశాలలలో ఏండ్ల తరబడి లక్షలమంది బాలబాలికలు దానిని చదివిరి. 1871లో ఫ్రాన్సు ఓడి, అల్సాసు సీమ జర్మనుల వశమైనది. ఇక మీదట బడులలో ఫ్రెంచి చెప్పగూడదని ఉత్తరువు వచ్చినది. ఆ దినమున నొక పల్లెబడిలో ముసలి యుపాధ్యాయుడు పండుగబట్టలు కట్టుకొని తన చివరి పాఠము చెప్పును. ఊరి పెద్దలు వచ్చి వెనుకబల్లలపై కూర్చుందురు. ఒక వృద్ధుడు కన్నద్దములు పెట్టుకొని, పసిపిల్లలతో గొంతు కలిపి, వణకు కంఠముతో గుణింతము వల్లించును. తన భాష తన చేతినుండి జాఱిపోవు గడియలో దాని విలువ తెలిసిన జనుల కథ యది.

ఫ్రెంచి భాషను పోగొట్టుకొనుటయే వస్తువుగాగల కథను, ఫ్రెంచిలో నూటికి నూఱు తెచ్చుకొన్న పిల్ల, ఇంగ్లీషున చదివినది! పరీక్ష వ్రాసినది. అందును మార్కులు వచ్చినవి. మూలభాషలో ఆ కథ యెట్లుండునో చూడవలెనను తలంపు ఆ పిల్లకు గాని, పాఠము చెప్పిన వారికి గాని, రుసుము చెల్లించిన తండ్రికి గాని కలుగలేదు. ఇంతకన్న చోద్యమేమున్నది?

ఆ కథలో నుపాధ్యాయుడు పిల్లవానిని తిట్టడు. తప్పు మనయందఱిది యనును. నాలుగు డబ్బులు వచ్చునని తలిదండ్రులు పిల్లలను పొలములకును మిల్లులకును పంపిరట. తానును పాఠము మాని వారిచే తన తోటకు నీరు పోయించెనట. చదువరులారా! ఆ తలిదండ్రులకును మనకును భేదమెంత? వారు పిల్లలను మిల్లునకు పంపిరి. మనము మార్కుల మిల్లునకు పంపుచున్నాము. వారికి పేదఱిక మొక సాకు. మన సాకేమి?

పూర్వము మనకును సాకు లుండెను. తెలుగు పల్లెలో నున్నవానికి ఫ్రెంచి పుస్తకము దొరకుట యెట్లు? దొరకినను నిఘంటు వెక్కడ? నిఘంటు వున్నను ఆ మాట నెట్లు పలుకవలెనో చెప్పువారెవరు? 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములో తక్క, గోదావరి తీరమున మఱెక్కడ నా భాష చెవిని పడును? ఈ మూడు సాకులును నేడు చచ్చినవి. చచ్చినవానిని మనము మోయుచున్నాము.

1971లో అమెరికాలో మైకేలు హార్టు అనునతడు ప్రాజెక్టు గూటెన్‌బర్గును స్థాపించి, హక్కుల గడువు తీరిన గ్రంథములను కంప్యూటరు ప్రతులుగా జేసి ఉచితముగ పంచ నారంభించెను. దోదే 1897లోను, మొపాసా 1893లోను, జూల్సు వెర్న్ 1905లోను మరణించిరి. వారి రచనలు ఫ్రెంచి మూలముననే కాసు ఖర్చులేక లభించుచున్నవి. 2005లో నారంభమైన లిబ్రివాక్సు అను సంస్థలో దేశదేశముల స్వచ్ఛంద పాఠకులు అట్టి గ్రంథములను ఎలుగెత్తి చదివి, ఆ ధ్వనిని లోకమునకు దానము చేయుచున్నారు. ఇక ఈ-రీడరు సంగతి. దాని తెర మీది అక్షరములు దీపపు మెఱుపులు కావు. సన్నని పొరలో నిమిడిన నలుపు తెలుపు రేణువులు విద్యుత్తుచే జరిగి అక్షరములుగా నిలుచును. నిలిచిన పుట నట్లే యుంచుటకు మరల విద్యుత్తు అక్కఱలేదు. కాగితమువలెనే వెలుపలి వెలుతురున కనబడును. అక్షరమును పెద్దది చేసికొనవచ్చును గనుక చత్వారము వచ్చినవారికిని చదువు మానవలసిన పనిలేదు. ఆ యంత్రము కొనలేనివారి చేతిలో ఫోను ఉన్నది. అది కంటికి కొంత శ్రమ కలిగించినను పని జరుపును.

ఇందలి ప్రయోజనమును విమర్శకులు గ్రహించినట్లు తోపదు. ఫ్రెంచి యే కంటితో మాత్రము చదువువాడు మోసపోవును. మన లిపి నిజాయితీ గలది; వ్రాసినట్లు పలుకుదుము. ఫ్రెంచిలో నీరు అను నర్థముగల మాటకు మూడక్షరములు కలవు. మూడును అచ్చులే. మూడింటిని కలిపి పలుకునది "ఓ" యను నొక్క ధ్వని. మాటలాడు అను క్రియను "నేను," "నీవు," "వారు" అను కర్తలతో మూడు విధముల వ్రాయుదురు. మూడును "పార్ల్" అనియే పలుకుదురు. కావున కన్ను చెప్పినది చెవి యొప్పుకొనదు. పోనీ, చెవితో మాత్రమే వినుదమన్న, మాటలు కలిసిపోయి విడదీయరాకుండును. "స్నేహితులు" అను పదమున కచ్చట బహువచన విశేషణము చేరినచో "లే" "ఆమి" అనునవి రెండును కలిసి "లేజామి" యగును. ఊరకున్న హల్లొకటి నడుమ లేచి పలుకును. మా ఇల్లు మాయిల్లగుట యెఱిగిన తెలుగువారికి దీనిని బోధింప బనిలేదు. ఇట్టి భాషను కంటితో పుటను చూచుచు, చెవితో చదువరి కంఠమును వినుచు అభ్యసింపవలెను. కంటికి తెలియనిది చెవియు, చెవికి తెలియనిది కన్నును చెప్పును. ఈ-రీడరును ఆడియో పుస్తకమును జంటగా నుపయోగించుటలోని రహస్య మిదియే. ఒక గురువు ప్రక్కన కూర్చుండి వ్రేలితో చూపుచు చదివినట్లుండును. అట్టి గురువు పూర్వము జమీందారుల బిడ్డలకు మాత్రమే దొరకెడివాడు.

నిఘంటువు మాటయు నిట్టిదే. ఫ్రెంచి కథలలో "ఉండెను" అను నర్థమున "ఫ్యూ" అను రూపము పదేపదే వచ్చును. దాని మూలధాతువు "ఎత్ర్". రెండింటికిని రూపసామ్యము లేదు. కాగితపు నిఘంటువులో "ఫ్యూ" క్రింద వెదకిన క్రొత్తవాడు విసిగి పుస్తకము మూయును. ఈ-రీడరులో ఆ మాటపై వ్రేలుంచినచో మూలధాతువు నర్థమును అక్కడనే కనబడును. ఈ భూతకాల రూపము గ్రంథములందే కాని నేటి సంభాషణమున దాదాపుగ వినబడదు. మనము పుస్తకములో "వచ్చెను" అని వ్రాసి నోట "వచ్చింది" అనుట వంటిది. ఈ వ్యాసము వ్రాసిన భాషయు నట్టిదే కదా యని చదువరులు నవ్వవచ్చును, నవ్వుదురు గాక. కొలువు కొఱకును వీసా కొఱకును నేర్చుకొన్నవానికి ఈ రూపముతో పనియే పడదు. అనగా వాడు పట్టా పుచ్చుకొన్న తరువాతను సాహిత్యపు గుమ్మము తొక్కలేదన్నమాట.

ఇక ఆక్షేపణలు. వినుట చదువుట కాదని కొందఱు పండితమ్మన్యులు ముక్కు విఱుచుచున్నారు. పోతన భాగవతమును మన పితామహులలో నెందఱు చదివిరి? ఎందఱు వినిరి? అక్షరము రాని యిల్లాండ్రు గజేంద్రుని మొఱ కంఠతః చెప్పుట యెఱుగమా? పురాణకాలక్షేపములును హరికథలును లేకున్నచో మన కావ్యములు తాటియాకులలోనే చెదలు పట్టియుండును. తెలుగు తనకు పరభాషయైన బ్రౌనుదొర 1817లో మదరాసు చేరి, తరువాత కడపలో పండితులను నిలుపుకొని వేమనను పరిష్కరించెను. ఆ పండితుల కంఠములు లేక వట్టి వ్రాతప్రతులతోనే ఆయనకు తెలుగు వచ్చెనని యెవరు నమ్ముదురు? 1935లో బ్రిటనులో అంధులకొఱకు గ్రామఫోను పలకలపై తొలి పలుకుపుస్తకములు వెలువడినపుడు, వానిలో జోసెఫ్ కాన్రాడు వ్రాసిన "టైఫూను" ఒకటి. ఆ కాన్రాడు పుట్టుకచే పోలండువాడు. ఫ్రెంచి తరువాత, ఇరువది యేండ్ల ప్రాయము దాటినపిదప నాతడు నేర్చిన భాష ఇంగ్లీషు. ముదిరిన వయసున పరభాష రాదనువారికిని, వినుట చదువుట కాదనువారికిని ఈ యొక్క పుస్తకమే సమాధానము చెప్పగలదు. చూపులేనివారికి గ్రంథములు చేరుటకై 2013లో మరాకేషులో కుదిరిన యంతర్జాతీయ సంధిని 2014లో లోకమున కెల్ల ముందుగ స్థిరపఱచిన దేశము మనదే. రాజ్యము గుర్తించిన న్యాయమును పండితులు గుర్తింపలేరా?

ఈ యాక్షేపణలో మఱియొక పాపము దాగియున్నది. తీరికగా కుర్చీలో కూర్చుండి పుస్తకము తెఱచు భాగ్యము ఇంటిలో ఎవరికున్నది? అయ్యగారికి. ప్రొద్దుట కాఫీ మొదలు రాత్రి అంట్లవఱకు రెండు చేతులును తీరని యిల్లాలికి కన్ను ఖాళీ లేదు. చెవి ఖాళీగా నున్నది. ఆ చెవికి ఇన్నాళ్లును టెలివిజను ధారావాహికలను పోసితిమి. అచ్చట మొపాసా కథ నొకటి పోసిన నెవరి సొమ్ము పోవును? వినుట చదువు కాదనువారు, తెలిసియో తెలియకయో, సగము సంసారమును సాహిత్యమునుండి వెలివేయుచున్నారు.

"యంత్రమే క్షణములో అనువదించుచుండగా భాష నేర్వనేల?" అనువారు మఱికొందఱు. పెండ్లికి పోయివచ్చినవాడు వంటకముల పట్టిక చదివిన మన కడుపు నిండునా? యంత్రానువాదము వలన విషయము తెలియును, కాదనము. దారి యడుగుటకు, మందుచీటి తెలిసికొనుటకు అది చాలును. కాని సాహిత్యమున విషయమెంత? పోతన పద్యమున కథ యందఱెఱిగినదే గదా, మఱి మన కన్నులలో నీరేల వచ్చును? ఆ పలుకుబడి, ఆ నడక, ఆ విఱుపు, ఇవి మూలమునందే యున్నవి. పరభాషలో నట్టి వాక్యము నొకదానిని, యంత్రసాయము లేక, మన చెవితో విని మనసుతో గ్రహించిన దినమున కలుగు నానందము అనుభవించిన వానికే తెలియును.

"తెలుగే చదువని మన పిల్లలకు ఫ్రెంచి యేల?" అని మఱికొందఱు దెప్పుదురు. ఈ దెప్పులో నిజమున్నది గాని తర్కము లేదు. 1878లో వీరేశలింగముగారు "రాజశేఖర చరిత్రము" వ్రాయుటకు ప్రేరణము గోల్డుస్మిత్తు నవలను ఇంగ్లీషు మూలమున చదువుటవలన కలిగినది. మాస్కోలో పలు సంవత్సరము లుండి రష్యను సాహిత్యమును తెనుగు చేసిన ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారివలన ఆ దేశపు పల్లెలు మన పల్లెలకు చుట్టములైనవి. పరభాష నెఱిగిన తెలుగువాడు తెలుగునకు తెచ్చును. పరీక్షాభాష నెఱిగినవాడు తనకు జీతము తెచ్చుకొనును. నేడు ఫ్రెంచి, జర్మను, స్పానిషు గ్రంథములు తెలుగున కెక్కువగ ఇంగ్లీషు గుండనే వచ్చుచున్నవి. ఒకరు తోడిన నీరు, రెండవవారి కడవలో పోసి, మన చెంబులోనికి వచ్చుచున్నది. ఆ దేశములలో వేలకొలది మన బిడ్డలుండియు మనకు నేరుగ తోడి తెచ్చువారు కొద్దిమందియే యగుట తెలుగునకు మేలా?

ఈ యుపకరణములను మేము పొగడుచున్నామే గాని వానికి మ్రొక్కుమని చెప్పుటలేదు. వానిలో దోషములును కలవు. కాగితపు పుస్తకము కొన్నవాని సొమ్ము. ఈ-పుస్తకము తఱచుగా చదువుకొనుటకిచ్చిన యనుమతి మాత్రమే. 2009లో అమెజాను కంపెనీ, అమ్మినవానికి హక్కు లేదన్న కారణమున, ఆర్వెలు వ్రాసిన రెండు పుస్తకములను కొనుగోలుదారుల కిండిలు యంత్రములనుండి దూరమునుండియే తుడిచివేసినది. సొమ్ము తిరిగి యిచ్చిరి, క్షమాపణయు చెప్పిరి. అయినను రాత్రివేళ మన బీరువా తెఱచి పుస్తకము తీసికొనిపోగల వ్యాపారి యొకడున్నాడని నాడు లోకమునకు తెలిసినది. కావున హక్కుల గడువు తీరిన గ్రంథముల ప్రతులను మనయొద్ద భద్రపఱచుకొనుట మంచిది. యంత్రకంఠముతో చదివించిన శ్రవణపుస్తకము లిపుడు బయలుదేఱినవి. భాష నేర్వగోరువారు మనుష్యకంఠమునే యెన్నుకొనవలెను. అడుగడుగున నిఘంటువును తాకుచు పోవువానికి కథ చిక్కదు. ముందొక పేరా నిలువక చదివి, పిమ్మట తెలియని మాటలకు వ్రేలుంచవలెను. వేయి పుస్తకములు యంత్రములో నింపుకొని ఒక్కటియు చదువనివాడు, అద్దాల బీరువాకు తాళము వేసి చెవి పోగొట్టుకొన్న జమీందారునకు తమ్ముడు.

మేము కోరునది గొప్ప కార్యము కాదు. ఇంటిలో నొకరు ఇదివఱకే యొక పరభాష కొంత నేర్చియుందురు. వారు ఆ భాషలో నొక చిన్న కథ నెన్నుకొందురు గాక. దోదే కథయే కొన్ని పుటలలో ముగియును. దినమునకు పదునైదు నిమిషములు, పుటను చూచుచు, కంఠమును వినుచు, ఒక నెల గడుపుదురు గాక. వారమున కొకనాడు తాము చదివినంతవఱకు ఇంటివారికి తెలుగున చెప్పుదురు గాక. ఇట్లు చెప్పునపుడే తమ తెలుగు ఎంత తఱిగినదో వారికి తెలిసివచ్చును. అదియు నొక లాభము. పాఠశాలల వారికి మా మనవి యొక్కటే: రెండవ భాష పుచ్చుకొన్న ప్రతి విద్యార్థియు సంవత్సరమున కొక్క పూర్ణకథనైనను మూలమున వినవలెను, చదువవలెను. దానికి మార్కులు పెట్టకుడు. మార్కులు పెట్టిన మఱునాడే దానికి గైడు పుస్తకము పుట్టును.

తలిదండ్రులారా! "దానివలన వచ్చునదేమి?" అని యడుగుచునే యున్నారు గనుక మేమును జవాబు చెప్పెదము. పైస రాదు. ర్యాంకు రాదు. ఎఱుగని దేశపు జను లెట్లు దుఃఖింతురో, ఎట్లు నవ్వుదురో, వారి నోటి మాటలతోనే మీ యింటిలో వినబడును. ఈ లాభము చాలదనువారితో మాకు వాదము లేదు, జాలి గలదు.

ఆ బాలిక ఇపుడు ఇంజనీరింగు చదువుచున్నది. ఫ్రెంచి పట్టా గోడమీద నున్నది. ఆ అమ్మమ్మ చూపు మఱింత తగ్గినది. చెవి మాత్రము చక్కగ పనిచేయుచున్నది. ఆమె యడిగిన కథ యింకను బాకీ యున్నది.